కుడి పైట

హాలు గోడకి పదకొండు పలకలు ఎక్కాయి. పన్నెండో మేకు ఖాళీగా ఉంది.

బిలాస్‌పూర్ రైల్వే పాత లైను క్వార్టర్లలో కాపురాలు చేసిన పన్నెండుమంది తెలుగు ఆడవాళ్ళ బొమ్మలు తమ హాల్లో పెట్టాలని అక్కడి తెలుగు సంఘం తీర్మానించింది. ఆ పని సన్యాసిరావు కోడలు తనూజ చేతికి వచ్చింది. పన్నెండో మనిషి సన్యాసిరావు భార్య అసిరమ్మ. ఆమె పోయి మూడేళ్ళు. ఆమెకు ఉన్నది ఒక్కటే ఫొటో. నలభై అయిదేళ్ళుగా ట్రంకుపెట్టె అడుగున బోర్లా పడి ఉన్న ఆ ఫొటోని పోయిన వారం సన్యాసిరావు పైకి తీశాడు. మొహం వైపు తిప్పకుండానే కోడలి చేతిలో పెట్టాడు. ఒకటే షరతు పెట్టాడు. దాన్ని సెల్‌ఫోన్‌లోకి ఎక్కించకూడదు.

ఆ షరతే కొంప ముంచింది. ముంచిందో తేల్చిందో ఈ గురువారం పొద్దున్న బయటపడింది.

కొడుకు జయప్రకాష్ రైలు బండి నడపడానికి వెళ్ళి ఇంకా డ్యూటీ దిగలేదు. పిల్లలు బడికి వెళ్ళారు. వంటింటి గట్టు మీద తెల్లటి టైలు, దాని మీద వేలు మందాన, ఓవెన్‌లో కాల్చే తెల్లమట్టి పలక, పలక మీద బోర్లా అతుక్కున్న జిరాక్సు కాగితం. తనూజ గిన్నెలో నీళ్ళు పెట్టుకుని నిలబడింది. సన్యాసిరావు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

అతను వాగన్ షెడ్డులో ముప్ఫై ఆరేళ్ళు ఫిట్టరు. అతని లెక్కలో ఇనుము పని, మిగతాది ఆట. కోడలు ఈ మట్టితో కమ్మలూ లాకెట్లూ చేయడం మొదలుపెట్టినప్పుడు ప్లాస్టిక్ మట్టి అన్నాడు, పిల్లలాట అన్నాడు. ఆమె ఎదురు చెప్పలేదు, మానలేదు. పదకొండు పలకలూ గోడకెక్కిన రోజు అతను ఒక్కడే హాలుకి పోయి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కొక్క పలక అంచునీ బొటనవేలితో తడిమి చూశాడు. గరుకు తగల్లేదు. ఎక్కడా గాలిబుడగ లేదు. ఇంటికొచ్చి ఏమీ అనలేదు. అతను ఏమీ అనకపోవడమంటే ఏమిటో షెడ్డులో అతని కింద పనిచేసినవాళ్ళకు తెలుసు.

"కాగితం పీకేస్తే పోద్ది కదా. ఆ తడపడవేటి?" అన్నాడు.

"పీకితే బొమ్మ కూడా కాగితంతోనే వచ్చేస్తుంది మామయ్యా. తడిపి వేలితో రుద్దాలి. ధీరే ధీరే, మెల్లగా. జిరాక్సులో నల్లపొడి ఉంటుంది కదా, అది మట్టిని పట్టుకుని ఉండిపోతుంది. కాగితమొక్కటే నలిగి పోతుంది."

"ఇంట్లో ప్రింటరుంది కదా మరి. గోల్ బజార్ దాకా ఎందుకెళ్ళినావు?"

"ఇంటి ప్రింటరుది నీళ్ళ సిరా. తడి తగిలితే మొహం కారిపోతుంది."

"అయితే రుద్దు."

ఆమె వేలు ముంచి పైమూల నుంచి మొదలుపెట్టింది. తడిసిన కాగితం సన్న ఉండలై వేలి కింద దొర్లింది. ఊది అవతల పడేసింది. మళ్ళీ ముంచింది. ముందు పాపిడి కనబడింది. తర్వాత నుదుటి మీద రూపాయంత బొట్టు. కళ్ళు కనబడగానే సన్యాసిరావు కుర్చీలో ముందుకు వంగాడు. ఆ కళ్ళు కెమెరాని చూడటం లేదు, నిలదీస్తున్నాయి. ముక్కు వచ్చింది. గడ్డం వచ్చింది. మెడలో పసుపుతాడు వచ్చింది. తనూజ భుజం దగ్గరకు దిగింది. చీర అంచు కనబడింది.

పైట కుడి భుజం మీద ఉంది.

"ఆగు," అన్నాడు సన్యాసిరావు.

తనూజ ఆగింది. పలకని చూసింది. పక్కన పెట్టుకున్న ఫొటోని చూసింది. ఫొటోలో పైట ఎడమ భుజం మీద ఉంది. ఆమె తడి చేత్తోనే నుదురు కొట్టుకుంది.

"అరే రామ్! ఉల్టా పడిపోయింది మామయ్యా. బోర్లా అతికిస్తాం కదా, మట్టి మీద కుడి ఎడమలు మారిపోతాయి. మిగతావన్నీ ఫోన్‌లో వచ్చాయి, ముందే తిప్పేసి ప్రింటు తీయించాను. ఇది మీరు ఫోన్‌లో వద్దన్నారు కదా, సీదా జిరాక్సు మెషీను మీద పెట్టించి పెద్దది చేయించాను. తిప్పించడం మర్చిపోయాను. గల్తీ నాదే. మట్టి ఇంకా పచ్చిదే. నలిపేసి మళ్ళీ పరుస్తాను."

ఆమె పలక అంచు కింద వేళ్ళు దూర్చింది. మామ కోడల్ని ముట్టుకునే ఇల్లు కాదది. సన్యాసిరావు లేచి తన చేతిని పలకకు జానెడు ఎత్తున అడ్డంగా పెట్టాడు.

"ముట్టుకోకు."

"తప్పు పడింది మామయ్యా."

"తప్పేటో నాను సూసుకుంటాను. నువ్వు సెయ్యి తియ్యి."

కోడలు చేయి తీసింది. పదిహేనేళ్ళ కాపురంలో మామ గొంతు అలా పలకడం ఆమె వినలేదు.

అసిరమ్మ పుట్టిన ఊళ్ళోనూ సన్యాసిరావు ఊళ్ళోనూ ఆడవాళ్ళు పైట కుడి భుజం మీదే వేసుకునేవాళ్ళు. కొత్త పెళ్ళికూతురుగా ఆమె ఇక్కడి క్వార్టర్లకు వచ్చినప్పుడు కొళాయి దగ్గర ఆడవాళ్ళు నవ్వారు. అడివిమనిషి పైట అన్నారు. అందరికన్నా గట్టిగా నవ్వింది పక్క క్వార్టరు కనకం. వారం తిరక్కుండా మార్చుకుంటావు చూడు అంది. అసిరమ్మ బిందె నెత్తికెత్తుకుని, "నీ కొళాయి నీళ్ళు పట్టుకుంటాను గానీ నీ పైట పట్టుకోనప్పా," అని నడిచి వచ్చేసింది. ఆ మాట సాయంత్రానికి లైనంతా పాకింది. షెడ్డులో ఎవరో సన్యాసిరావుకి చెప్పారు. ఆ రోజు అతను ఇంటికి నడిచిన నడక వేరు. తనకు దొరికిన మనిషి వంగే మనిషి కాదని అతనికి గర్వం. జీతం గురించి కూడా అతను అంత గర్వపడలేదు.

మొదటి కాన్పులో బిడ్డ పోయింది. కాపురానికొచ్చిన ఆరేళ్ళకు, దగ్గరి స్టేషను కర్గీ రోడ్‌లో పదిరోజుల డ్యూటీ చేసి ఇంటికొస్తే గూట్లో స్టూడియో కవరు కనబడింది. విప్పాడు. లోపల భార్య ఫొటో. పైట ఎడమ భుజం మీద.

అడిగాడు. మార్చలేదు అందామె. ఫొటో ముందు పెట్టాడు. నేను మార్చలేదు అని మళ్ళీ అంది. మూడోసారి అడిగితే జవాబు చెప్పలేదు. నలుగురు నవ్వుతారని కెమెరా ముందు జారిపోయిందని అతను తీర్మానించుకున్నాడు. జారితే జారింది, ఇంట్లో అబద్ధం చెప్పిందని ఇంకా మండింది. ఫొటోని పెట్టె అడుగున బోర్లా పడేశాడు. ఆమె మళ్ళీ జన్మలో ఫొటోకి నిలబడలేదు. అతను క్షమించలేదు. ఆమె ఆస్పత్రిలో పోయే ముందు రోజు కూడా ఆ మాట అతని గొంతులోనే ఉంది. పోయాక కర్మకాండల్లో పెట్టడానికి ఫొటో ఏదని బంధువులు అడిగితే లేదన్నాడు.

ఇప్పుడు కోడలు చేసిన పొరపాటు ఆ పైటని తీసుకెళ్ళి కుడి భుజం మీద వేసింది. చూడ్డానికి బాగుంది. బాగున్నది నిజమైపోదు. షెడ్డులో ఇనుము మీద నంబరు కొట్టే ఉలుల్లో అంకెలు తిరగబడి ఉంటాయి, కొడితే సరిగ్గా పడతాయి. ఆ మాత్రం అతనికి తెలుసు. సరిగ్గా ఉన్నదాన్ని బోర్లా కొడితే తిరగబడుతుంది. తిరగబడి ఉన్నదాన్ని కొడితే?

అతను ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయాడు.

"ఇంకా కిందకి రుద్దు," అన్నాడు. "సేతుల కాడకి."

"మామయ్యా..."

"రుద్దమ్మా."

ఆమె మళ్ళీ వేలు ముంచింది. కాగితం ఉండలై రాలింది. అసిరమ్మ ఒక చేయి కుర్చీ వీపు మీద ఆనించి నిలబడింది. మోచేయి వచ్చింది. ముంజేయి వచ్చింది. ముంజేతి మీద ఏదో మసకగా, చిన్నది, వంకర తోకతో.

"ఇది మరకా?" అంది తనూజ. "జిరాక్సు గ్లాసు మీద ఏదో ఉన్నట్టుంది."

"మరక కాదు. తేలు."

"తేలా?"

"పచ్చబొట్టు. పదేళ్ళప్పుడు తీర్తంలో పొడిపించుకుంది. ఏ సేతి మీదుందో సూడు."

"కుడి చెయ్యి."

"అసిరికి కుడిసేతి మీదే ఉండేది. అన్నం పెట్టిన సెయ్యి, నాకు తెల్దా? సివరికి సెలైను పెట్టడానికి నర్సు తడివింది కూడా ఆ తేలు పక్కనే. ఇప్పుడా ఫొటో ఇలా ఇయ్యి."

అతను ఫొటోని కిటికీ దగ్గరకు పట్టుకెళ్ళాడు. పోస్టుకార్డంత ఫొటో. కోపంగా ఒక్కసారి చూసి పడేసినవాడికి అంత చిన్న తేలు ఎక్కడ కనబడుతుంది. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, ఫొటోని ముక్కు దాకా తెచ్చుకున్నాడు. ఉంది. పేనంత మచ్చ. ఎడమ ముంజేతి మీద.

ఎడమ చేతి మీద తేలు, ఎడమ భుజం మీద పైట. స్టూడియోవాడు ఫిల్ము తిరగేసి కడిగాడు.

పచ్చబొట్టు మనిషి మార్చుకోలేదు. అసిరమ్మ పైటా మార్చుకోలేదు. రెండుసార్లు చెప్పింది, మూడోసారి చెప్పడం తన పరువు కాదనుకుంది. సన్యాసిరావు కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. ఏడుపు రాలేదు. గుండెల్లో ముందు వచ్చింది గర్వం, కాపురం కొత్తలో ఆ సాయంత్రం నడకలాంటిది. దాని వెనకాలే, దాన్ని తొక్కుకుంటూ, తన మీద తనకు అసహ్యం వచ్చింది.

"తనూజా."

"చెప్పండి మామయ్యా."

"నువ్వు తప్పు సెయ్యలేదు. నలభై అయిదేళ్ళ తప్పు సరిసేసినావు. కాల్చు దీన్ని. ఇలాగే కాల్చు."

కోడలికి సగమే అర్థమైంది. ఆ సగానికే ఆమె కళ్ళు నిండాయి. మిగిలిన కాగితం రుద్ది తీసింది, పలకని టైలుతో సహా చిన్న ఓవెన్‌లో పెట్టింది, నూటముప్ఫై డిగ్రీల మీద అరగంటకి తిప్పింది. ఒకసారి కాలిందంటే ఆ పైటని ఇక ఎవరూ మార్చలేరు.

పలక కాలి చల్లారేసరికి వాకిట్లో ఆటో ఆగింది. కనకం దిగింది. డెబ్భై మూడేళ్ళు. సంఘంలో ఆమె మాటే మాట. ఆదివారం గోడ తెరవాలి, పన్నెండో పలక ఏదని వచ్చింది.

"ఏటి మరిదీ, వంటింట్లో కాపలా కాస్తన్నావు? కోడలు వండేది ఎత్తుకుపోతారనా?"

"వచ్చినావా వొదినా. మంచి టైముకొచ్చినావు. సూడు."

కనకం పలక మీదకు వంగింది. నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

"బాగానే ఉంది గానీ ఇది తిరగబడిందే. ఓలమ్మ తనూజా, పదకొండు సక్కగా సేసి అత్తగారి దగ్గర కాలు జారినావా? మళ్ళీ సెయ్యి. రేపటికిస్తావా?"

"మళ్ళీ సెయ్యదు," అన్నాడు సన్యాసిరావు. "ఇదే ఎక్కుతాది."

"నలుగురూ నవ్వుతారు. అసిరి పైట మార్చుకున్న సంగతి లైనంతా ఎరుగుదురు. ఫొటోయే సాచ్చికం."

"ఆ సాచ్చికం లైనంతా తిప్పినదెవరు?"

"నానే. అయితే ఏటి? ఉన్నదే కదా సెప్పినాను."

"వొదినా, అసిరి సేతి మీద తేలు ఏ సేతి మీదుండేది?"

కనకం పైట సర్దుకుంది.

"ఆలోచించకు. కొళాయి కాడ రోజూ ఆ సేతిని సూసినావు. బిందె ఎత్తిన సెయ్యి. ఏ సెయ్యి?"

"ఎన్నాళ్ళ మాట. నాకేటి గేపకం."

"ఈ పలకలో ఏ సేతి మీదుంది? ఫొటోలో ఏ సేతి మీదుంది? నువ్వు సదూకున్నదానివి. సెప్పు."

అతను ఫొటోని పలక పక్కన పెట్టాడు. కనకం ఫొటోని చూడలేదు. ఆమె చూడకపోవడం సన్యాసిరావు గమనించాడు. కొత్తగా తెలుసుకున్న మనిషి వంగి చూస్తుంది. ముందే తెలిసిన మనిషి చూడదు.

"నీకు తెలుసు," అన్నాడు.

"పెద్దమ్మా, మంచినీళ్ళు..." అంది తనూజ.

"ఒద్దు." కనకం కుర్చీలో కూలబడింది. పైట చెంగుతో మెడ తుడుచుకుంది. "ఆ రోజు స్టూడియోకి దాంతో ఎల్లింది నానే. కుడి పైటే. మార్చుకోవే ఒకరోజుకి అంటే నన్నక్కడే కడిగేసింది. స్టూడియోవోడు తిరగేసి కడిగి ఇంటికంపినాడు. అసిరి నన్ను మళ్ళీ అంపింది. సరిగ్గా కడిగించుకొచ్చినాను."

"సరయిన ఫొటో ఉందా?"

"ఉంది. నా బీరువాలో."

సన్యాసిరావు గొంతు పెరగలేదు. అతనికి కోపం వచ్చినప్పుడు గొంతు ఎప్పుడూ పెరగదు. "నలభై అయిదేళ్ళు నీ బీరువాలో పెట్టుకుని, లైను మీద దాన్ని అబద్ధాలకోరుని సేసినావు. నిన్ను క్షమించను వొదినా. మొహమాటం లేకుండా సెప్తన్నాను. సచ్చినా క్షమించను."

"ఒద్దు. నానడగలేదు. లైను మీద సెప్పింది నా పాపం. కొళాయి కాడ అదన్న మాట నాకు దిగలేదు, అందుకు సెప్పినాను. కానీ ఫొటో దాసింది నాను కాదు. అసిరే దాయమంది."

"అబద్ధం. దాన్ని నాకు సూపిస్తే గొడవే లేదు కదా. నాను నోరు మూసుకుందును."

"సూపించొచ్చు. సూపించలేదు. ఆ ఫొటో ఎనకాల నా సేత రాయించింది. దానికి రాత రాదు కదా. ఎనకాల ఉన్నది నువ్వు సదవకూడదు. ముందువైపు సూపిస్తే ఎనకవైపు తిప్పుతావు. అందుకని నీ సేత మాటలు పడింది గానీ సూపించలేదు."

తనూజ ఓవెన్ తలుపు మూసి దగ్గరకొచ్చింది.

"అప్పుడది ఏడోనెల మనిషి," అంది కనకం. "ముందరి కాన్పులో బిడ్డ పోయింది కదా. ఈసారి తనే పోతానేమోనని బయపడింది. పుట్టబోయే బిడ్డకి రాయించింది. పెద్దయ్యాక ఇమ్మంది. ఆల నాన్నకి సూపించొద్దని ఒట్టేయించుకుంది. అది బతికింది, బిడ్డ బతికినాడు. ఇచ్చే అవసరం లేదులే అనుకున్నాను. అది పోయాక ఇద్దామనుకుంటే, ఇన్నాళ్ళు ఏటి సేసినావని అడుగుతాడని బయమేసింది."

"ఎవరు అడుగుతారు పెద్దమ్మా?"

ఆ మాట అన్నది తనూజ కాదు. గుమ్మంలో జయప్రకాష్ నిలబడి ఉన్నాడు. భుజాన డ్యూటీ బ్యాగు అలాగే ఉంది. రాత్రంతా బండి నడిపిన కళ్ళు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు. పలకని చూశాడు. తల్లిని చూశాడు. తనకన్నా ఇరవై ఏళ్ళు చిన్నది, కుర్చీ మీద చేయి వేసి, పైట కుడి భుజం మీద వేసుకుని నిలబడి ఉంది.

"అమ్మ నాకు రాయించిందా?"

"నీకే నాయనా."

"ఏమని?"

"ఇంట్లో ఉంది. తేవక్కర్లేదు. రాసిన సెయ్యి నాది, నోటికొచ్చు." కనకం సన్యాసిరావు వైపు చూసింది. "కానీ ఈయన ఉండగా సెప్పకూడదు."

జయప్రకాష్ తండ్రి వైపు చూశాడు. తనూజ మామ వైపు చూసింది. ఆ ఇంట్లో ఆయన్ని బయటికి వెళ్ళమన్నవాళ్ళు ఇంతవరకు లేరు. చిన్నప్పుడు బడి మాస్టరు అంటేనే బడి మానేసిన మనిషి.

సన్యాసిరావు పలకని రెండు చేతులతో ఎత్తి ఒకసారి చూసుకున్నాడు. మళ్ళీ టైలు మీద పెట్టాడు.

"దాని మాట ఒకపాలి నమ్మలేదు," అన్నాడు. "రెండోపాలి ఆ తప్పు సెయ్యను. ఒద్దందంటే ఒద్దనే."

బయటికి వచ్చి తలుపు తనే మూశాడు. మెట్టు మీద కూర్చున్నాడు. ఎండ మోకాళ్ళ దాకా వచ్చింది. లోపల కనకం గొంతు సన్నగా, ఆగకుండా, పాఠం అప్పజెప్పినట్టు వినబడింది. మాటలు వినబడలేదు. వినాలనుకుంటే కిటికీ దగ్గరకు నాలుగడుగులు. అతను లేవలేదు. నలభై అయిదేళ్ళలో భార్య కోసం అతను చేసిన మొదటి కష్టం అదే.

గొంతు ఆగింది. తర్వాత ఏదో కింద పడ్డ చప్పుడు, తనూజ అడుగులు. తలుపు తెరుచుకుంది. ఆమె మొహంలో రక్తం లేదు.

"మామయ్యా, లోపలికి రండి. ఆయన రమ్మంటున్నారు."

"నన్ను రావొద్దంది కదా అసిరి."

"వద్దనే రాయించారు. ఎందుకు వద్దో కూడా రాయించారు." తనూజ గడప పట్టుకుంది. "ముందరి కాన్పులో బిడ్డ పోలేదట మామయ్యా. బతికిన బిడ్డనే మీకు పోయిందని చెప్పారట."